ల్యాప్‌టాప్ పాడైతే కంపెనీ నుంచి సరైన సర్వీస్ రాబట్టుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి, పని జరగకపోతే ఎక్కడికి వెళ్లాలి అని పాఠకులు తరచూ అడుగుతున్నారు. చేయాల్సిన పనులను వరసగా ఇక్కడ ఇస్తున్నాం. డెల్, హెచ్‌పీ, లెనోవో, ఏసర్, ఆసుస్, యాపిల్ ఏదైనా పద్ధతి దాదాపు ఒకటే. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

ముందు ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. ఫోన్ ఎత్తే మనిషి ఒకరు, పార్ట్ ఆర్డర్ పెట్టేవాళ్లు ఇంకొకరు. ఇంటికొచ్చే ఇంజనీర్ చాలాసార్లు వేరే ఏజెన్సీ ఉద్యోగి. వీళ్లందరికీ ఉమ్మడిగా కనిపించేది మీ కేస్ నంబర్ కింద టైప్ చేసి ఉన్న నాలుగు లైన్లే. అక్కడ "సిస్టమ్ స్లో" అని పడితే విండోస్ మళ్లీ ఎక్కించుకోమంటారు. "బయాస్‌లో కూడా తెర మీద నిలువు గీతలు, బయటి మానిటర్‌లో బొమ్మ బాగుంది" అని పడితే డిస్‌ప్లే ప్యానెల్ ఆర్డర్ అవుతుంది (బయాస్ అంటే విండోస్ మొదలుకాకముందే తెరుచుకునే సెట్టింగుల తెర). ఆ లైన్లు మీకు కావాల్సినట్టు పడేలా చూసుకోవడం మీ చేతిలో పనే.

1. ఫోన్ చేయకముందే దగ్గర ఉండాల్సినవి

సీరియల్ నంబర్ లేకుండా మాట మొదలు కాదు. డెల్‌లో దీన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు, 7 అక్షరాలుంటాయి. హెచ్‌పీలో 10, లెనోవోలో సాధారణంగా 8. ఏసర్ సీరియల్ 22 అక్షరాల పొడవు. ఫోన్‌లో అంత చదవడం కష్టం కాబట్టి అదే స్టిక్కర్ మీద ఉండే ఎస్‌ఎన్‌ఐడీ చెప్పండి, అందులో అన్నీ అంకెలే. మ్యాక్‌లో అయితే యాపిల్ మెనూలోని "అబౌట్ దిస్ మ్యాక్"లో కనిపిస్తుంది.

స్టిక్కర్ అరిగిపోతే బయాస్‌లో చూడొచ్చు. ఆన్ చేయగానే డెల్, ఆసుస్, ఏసర్‌లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 వరసగా నొక్కుతూ ఉంటే తెరుచుకుంటుంది. మిషన్ అసలు ఆన్ కాకపోతే కొన్నప్పటి అట్టపెట్టె మీద ఉంటుంది.

తర్వాత బిల్లు. జీఎస్టీ బిల్లులో సీరియల్ నంబర్ ఉందా, అది స్టిక్కర్ మీద ఉన్నదానితో కలుస్తోందా చూడండి. షాపులో హడావుడిలో పక్క పెట్టె నంబర్ పడిపోవడం మామూలే. కొన్న వారంలో అయితే షాపువాళ్లు ఐదు నిమిషాల్లో సరిచేస్తారు. ఏడాది తర్వాత వెళ్తే ఆ బిల్లు తీయడమే కష్టం.

కంపెనీ సపోర్ట్ సైట్‌లో సీరియల్ కొట్టి వారంటీ ఎప్పటివరకు ఉందో చూడండి. కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కు పంపిన తేదీ నుంచే వారంటీ లెక్క మొదలైపోయి, మీకు రావాల్సిన రెండు మూడు నెలలు తగ్గి కనిపించడం తరచూ జరుగుతుంది. బిల్లు అప్‌లోడ్ చేసి "వారంటీ ప్రారంభ తేదీ సరిచేయండి" అని కోరితే మారుస్తారు. ఈ పని మిషన్ బాగున్నప్పుడే చేసుకోవాలి. పాడయ్యాక చేస్తే, ఆ సవరణ పూర్తయ్యేదాకా రిపేర్ కేసు ఆగిపోతుంది.

చెక్‌లిస్ట్:
- సీరియల్ నంబర్ (స్టిక్కర్ ఫోటోతో సహా)
- మోడల్ పూర్తి పేరు. హెచ్‌పీకి ప్రొడక్ట్ నంబర్ కూడా
- బిల్లు పీడీఎఫ్ లేదా స్పష్టమైన ఫోటో
- వారంటీ గడువు చూపించే పేజీ స్క్రీన్‌షాట్
- మీ పిన్‌కోడ్, పగటిపూట దొరికే ఫోన్ నంబర్

2. మీ వారంటీ ఏ రకమో తెలుసుకోండి

క్యారీ-ఇన్ అయితే మీరే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. ఆన్‌సైట్ అయితే ఫోన్‌లో పరీక్షలు అయ్యాక ఇంజనీర్ ఇంటికొస్తాడు. ఆన్‌సైట్ కొన్నా అన్ని ఊళ్లకూ ఒకే రోజులో రారు. మీ పిన్‌కోడ్‌కు సేవ ఉందా, ఎన్ని రోజులు పడుతుంది అన్నది ముందే అడగండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలలో ఉన్న వేగాన్ని ఆదిలాబాద్ పక్కనున్న మండలంలో ఆశించి కొంటే నిరాశ తప్పదు.

కింద పడటం, నీళ్లు ఒలకడం మామూలు వారంటీలోకి రావు. వాటికి యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ విడిగా ఉండాలి. ల్యాప్‌టాప్‌కు 3 ఏళ్ల వారంటీ ఉన్నా బ్యాటరీకి చాలావాటిలో ఏడాదే ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. షాపులోనో ఆన్‌లైన్‌లోనో బిల్లుతోపాటు అంటగట్టే "ఎక్స్‌టెండెడ్ వారంటీ" చాలాసార్లు తయారీ కంపెనీది అయి ఉండదు. రెండో ఏడాదిలో పాడై కంపెనీకి ఫోన్ చేస్తే "మీ వారంటీ అయిపోయింది" అంటారు, అది నిజమే. ఆ ప్లాన్ కాగితం మీద ఎవరి పేరుందో వాళ్లకే ఫోన్ చేయాలి.

అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ వాడే ఇళ్లు మన దగ్గర బోలెడు. డెల్ అయితే సపోర్ట్ సైట్‌లో యజమాని పేరు, దేశం మార్చమని ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్ పెట్టాలి. లెనోవోలో కొన్ని మోడళ్లకే అంతర్జాతీయ వారంటీ ఉంటుంది, సైట్‌లో సీరియల్ కొట్టి చూసుకోవాలి. మ్యాక్‌లకు ఏడాది వారంటీ సాధారణంగా ఇక్కడా చెల్లుతుంది. ఏ కంపెనీదైనా అక్కడి బిల్లు కాపీ పంపించుకోండి. మిషన్ తెచ్చిన బంధువులు తిరిగి వెళ్లిపోయాక బిల్లు కోసం వెతికించడం ఇద్దరికీ ఇబ్బంది.

3. లోపం ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోండి

కస్టమర్ కేర్‌లో మొదట చేయించేవి ఇవే. మీరే ముందు చేసి ఫలితం రాసి పెట్టుకుంటే కాల్ సగం తగ్గుతుంది.

ఆన్ కాకపోతే: అడాప్టర్ తీసేయండి, యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసేయండి, పవర్ బటన్ 30 సెకన్లు అదిమి పట్టుకోండి. తర్వాత అడాప్టర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. చార్జింగ్ లైటు వెలుగుతోందా, ఫ్యాన్ తిరుగుతోందా, లైటు ఎన్నిసార్లు మినుకుమంటోంది, బీప్‌లు ఎన్ని వస్తున్నాయి? లెక్కపెట్టి వీడియో తీయండి. ఆ మినుకుల లెక్కే ర్యామ్ పోయిందా, మదర్‌బోర్డ్ పోయిందా అని ఇంజనీర్‌కు చెబుతుంది.

తెర సమస్య అయితే మూడు పరీక్షలు:
- బయాస్‌లోకి వెళ్లండి. గీతలు అక్కడా ఉంటే విండోస్‌తో సంబంధం లేదు.
- హెచ్‌డీఎంఐతో టీవీకి కలపండి. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంటే లోపం ప్యానెల్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంది. టీవీలోనూ గీతలుంటే గ్రాఫిక్స్ లేదా మదర్‌బోర్డ్.
- మూతను మెల్లగా ముందుకీ వెనక్కీ కదపండి. కోణం మారితే గీతలు వచ్చి పోతుంటే కేబుల్‌ను అనుమానించాలి.

తెర మీద ఒకే ఒక్క చుక్క చచ్చిపోతే ప్యానెల్ మార్చకపోవచ్చు. ఎన్ని చుక్కలకు మార్చాలో ప్రతి కంపెనీకీ ఒక నిబంధన ఉంటుంది, అది అడిగి చూసుకున్నాకే వాదించండి.

హఠాత్తుగా ఆగిపోవడం, నీలి తెర రావడం అయితే విండోస్ సెర్చ్‌లో "రిలయబిలిటీ హిస్టరీ" అని కొట్టండి. ఏ రోజు ఏది కూలిందో ఎర్ర గుర్తులతో క్యాలెండర్‌లా కనిపిస్తుంది. "అప్పుడప్పుడూ ఆగిపోతోంది" అన్న మాటకన్నా ఈ స్క్రీన్‌షాట్ వంద రెట్లు పనిచేస్తుంది.

ఆ తర్వాత కంపెనీ సొంత డయాగ్నొస్టిక్ నడపండి. డెల్‌లో ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కి డయాగ్నొస్టిక్స్ ఎంచుకోవాలి. హెచ్‌పీలో ఎఫ్2. పాత ఇంటెల్ మ్యాక్‌లలో ఆన్ అయ్యేటప్పుడు డి మీట పట్టుకోవాలి. కొత్త యాపిల్ చిప్ మ్యాక్‌లలో ఆప్షన్స్ కనిపించేదాకా పవర్ బటన్ పట్టుకుని, అక్కడ కమాండ్, డి కలిపి నొక్కాలి. ఫెయిల్ అయితే ఒక కోడ్ ఇస్తుంది. హెచ్‌పీలో అది 24 అక్షరాల ఫెయిల్యూర్ ఐడీ. డెల్‌లో ఎర్రర్ కోడ్, వాలిడేషన్ కోడ్ అని రెండు ఉంటాయి. ఫోటో తీసుకోండి. ఆ కోడ్ చేతిలో ఉంటే ఫోన్‌లో మళ్లీ పరీక్షలు పెట్టకుండా నేరుగా పార్ట్ ఆర్డర్ పెట్టే అవకాశం బాగా పెరుగుతుంది.

బ్యాటరీ త్వరగా దిగిపోతుంటే డయాగ్నొస్టిక్‌లో బ్యాటరీ ఫెయిల్ అని వస్తుందో లేదో చూడండి. కెపాసిటీ మెల్లగా తగ్గడాన్ని కంపెనీలు సహజమైన అరుగుదలగానే లెక్కిస్తాయి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం సంగతి వేరు. టచ్‌ప్యాడ్ పైకి లేవడం, అడుగు మూత ఉబ్బి బల్ల మీద ల్యాప్‌టాప్ ఊగడం దాని గుర్తులు. వెంటనే చార్జింగ్ ఆపండి, నొక్కకండి, గుచ్చకండి. ఫోన్‌లో మొదటి మాటగానే "బ్యాటరీ ఉబ్బింది, భద్రతా సమస్య" అని నమోదు చేయించండి.

లోహపు బాడీ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోందని చాలామంది ఫిర్యాదు చేస్తారు. ఎక్కువ ఇళ్లలో దీనికి కారణం గోడ సాకెట్‌లో ఎర్తింగ్ లేకపోవడం, లేదా మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌తో వాడటం. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న వేరే చోట మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టి చూడండి. అక్కడ రాకపోతే పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ను. అక్కడా వస్తే అడాప్టర్ మార్చమని కేసు పెట్టండి, వేరే సాకెట్‌లో చూసిన సంగతి చెప్పండి.

4. డేటా, పాస్‌వర్డ్, బిట్‌లాకర్

రిపేర్‌లో డేటా పోతే కంపెనీ బాధ్యత వహించదని ప్రతి జాబ్ షీట్ (మిషన్ తీసుకున్నట్టు సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితం) వెనకా రాసి ఉంటుంది. బ్యాకప్ పని పూర్తిగా మీదే. మిషన్ ఆన్ అవుతున్నప్పుడే తీసేయండి.

బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం. దీని సంగతి చాలామందికి తెలియదు, నష్టం కూడా ఇక్కడే ఎక్కువ. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, డిస్క్ దానంతటదే తాళం పడిపోతుంది. మదర్‌బోర్డ్ మార్చగానే ఆ తాళం చెవి ఉన్న చిప్ కూడా మారిపోతుంది, మొదటిసారి ఆన్ చేసినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఇంజనీర్ దగ్గర అది ఉండదు, కంపెనీ దగ్గరా ఉండదు. కీ లేకపోతే డిస్క్ ఫార్మాట్ చేయడం తప్ప దారి లేదు, ఫోటోలన్నీ పోయినట్టే.

అందుకే కేసు పెట్టే రోజే వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ విభాగంలో బిట్‌లాకర్ కీస్ చూసి కాగితం మీద రాసుకోండి. షాపువాళ్లు సెటప్ చేసి ఇచ్చిన మిషన్ అయితే కీ వాళ్ల అకౌంట్‌లో ఉండొచ్చు, అడిగి తీసుకోండి.

సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేముందు:
- బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, బ్యాంకు లాగిన్‌లు తీసేయండి
- పరీక్షల కోసం వేరే లోకల్ యూజర్ సృష్టించి ఆ పాస్‌వర్డ్ ఒక్కటే ఇవ్వండి
- మీరు వేసుకున్న అదనపు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే తీసి ఇంట్లో పెట్టండి; తీయలేకపోతే జాబ్ షీట్‌లో బ్రాండ్, సైజు రాయించండి
- మెమరీ కార్డు, మౌస్ రిసీవర్, బ్యాగు ఇవ్వకండి. చార్జింగ్ సమస్య అయితేనే అడాప్టర్ ఇవ్వండి

వారంటీలో మార్చిన పాత పార్ట్ కంపెనీకే వెళ్తుంది, డిస్క్ కూడా అంతే. ఆఫీసు రహస్యాలు ఉన్న డిస్క్ అయితే పాతది మన దగ్గరే ఉంచుకునే ప్లాన్‌ను డెల్, లెనోవో లాంటి కంపెనీలు విడిగా అమ్ముతాయి.

5. సరైన నంబర్‌కే ఫోన్ చేయండి

సెర్చ్‌లో "కస్టమర్ కేర్ నంబర్" అని కొట్టి పైన కనిపించిందానికి ఫోన్ చేయకండి. మోసగాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. నంబర్‌ను కంపెనీ సొంత సైట్‌లో సపోర్ట్ పేజీ నుంచి గానీ, పెట్టెలో వచ్చిన వారంటీ పుస్తకం నుంచి గానీ తీసుకోండి.

అవతలివాళ్లు యూపీఐ పిన్, బ్యాంకు ఓటీపీ అడిగినా, "రిఫండ్ కోసం 10 రూపాయలు పంపండి" అన్నా, ఫోన్‌లో స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా వెంటనే కాల్ కట్ చేయండి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

6. ఏం చెప్పాలి, ఎలా రాయించాలి

వీలైతే చాట్ లేదా ఈమెయిల్‌తో మొదలుపెట్టండి. మీ మాటలు మీరు రాసినట్టే రికార్డులో పడతాయి, ఫోటోలు జత చేయొచ్చు. ఫోన్ అయితే ప్రశాంతంగా, క్లుప్తంగా చెప్పండి. అరిస్తే పని త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. అవతలి మనిషికి పార్ట్ ఆమోదించే అధికారం ఉండేది మీ పరీక్షల ఫలితాల మీదే.

సమస్యను ఈ వరసలో చెప్పండి: ఏం జరుగుతోంది, ఎప్పటి నుంచి, ఎప్పుడెప్పుడు, నేను ఏం ప్రయత్నించాను, ఫలితం ఏమిటి, నాకేం కావాలి.

నమూనా (ఇంగ్లిష్‌లో పంపినా ఇదే వరస పాటించండి):

"నమస్తే. సీరియల్ నంబర్ ఇది, వారంటీ వచ్చే మార్చి వరకు ఉంది. పది రోజులుగా తెర కుడివైపు రెండు ఆకుపచ్చ నిలువు గీతలు నిరంతరం కనిపిస్తున్నాయి. బయాస్‌లో కూడా ఉన్నాయి. టీవీకి కలిపితే టీవీలో గీతలు లేవు. ఎఫ్12 డయాగ్నొస్టిక్ నడిపాను, కోడ్ ఫోటో జత చేశాను. పడలేదు, తడవలేదు, నాలుగు వైపుల ఫోటోలు జత చేశాను. డిస్‌ప్లే ప్యానెల్, కేబుల్ రెండూ పరిశీలించి మార్చగలరు."

చివరి వాక్యంలో "కేబుల్ రెండూ" అనడం కావాలనే. ప్యానెల్ ఒక్కటే తెచ్చి, లోపం కేబుల్‌లో ఉందని తేలితే ఇంజనీర్ మళ్లీ రావాలి, పార్ట్ మళ్లీ రావాలి, ఇంకో వారం పోతుంది.

ఫోన్ పెట్టేముందు "ఒక్కసారి మీరు రాసింది చదివి వినిపిస్తారా అండి?" అని అడగండి. తప్పుంటే అక్కడే దిద్దించండి. ఆ తర్వాత ఇవి తీసుకోండి:
- కేస్ నంబర్
- మాట్లాడినవారి పేరు, తేదీ, సమయం
- తర్వాత ఎవరు ఫోన్ చేస్తారు, ఏ తేదీలోపు
- ఆర్డర్ పెట్టిన పార్ట్‌ల పేర్లు

ఇదే వివరాన్ని రెండు లైన్లలో అదే రోజు ఈమెయిల్ చేయండి. కాల్ కట్ అయితే కొత్త కేసు తెరవకండి, పాత నంబరే చెప్పండి. ఒకే సమస్యకు మూడు కేసులు తెరిస్తే ఒక్కోటీ మొదటి మెట్టు దగ్గరే నిలిచిపోతుంది.

7. మిషన్ ఇచ్చేటప్పుడు, ఇంజనీర్ వచ్చినప్పుడు

వారంటీ గొడవల్లో ఎక్కువ భాగం ఒకే మాట దగ్గర మొదలవుతుంది: "ఫిజికల్ డ్యామేజ్ ఉంది సార్". సర్వీస్ భాషలో దీన్నే సీఐడీ అంటారు, అంటే వాడకందారు వల్ల జరిగిన నష్టం. ఇది ఒక్కసారి రికార్డులో పడితే తీయించడం చాలా కష్టం.

కాబట్టి కౌంటర్ దగ్గరే, వాళ్ల ఎదుటే వీడియో తీయండి. మూత, అడుగు, నాలుగు మూలలు, రెండు హింజ్‌లు, పోర్టులు, తెర ఆన్ చేసి ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి. మొత్తం ఒక నిమిషం పని. జాబ్ షీట్ మీద సంతకం పెట్టేముందు "కండిషన్" గడి చదవండి. చాలాచోట్ల చూడకుండానే "గీతలు, సొట్టలు ఉన్నాయి" అని ముందే టైప్ చేసి ఉంచుతారు. లేనివి ఉంటే కొట్టేయించండి. ఉన్న గీత ఉంటే "ఎడమ మూలలో చిన్న గీత ఒకటి" అని కచ్చితంగా రాయించండి. సమస్య గడిలో "నో డిస్‌ప్లే" అని కాకుండా మీరు చెప్పిన లక్షణం ఉండాలి.

ఇచ్చాక వాళ్లు డ్యామేజ్ ఉందంటే నోటిమాటతో ఒప్పుకోకండి. ఏ భాగం, ఏ రకం నష్టం అన్నది ఫోటోతో ఈమెయిల్ చేయమనండి. ఆ ఫోటోను మీ వీడియోతో పోల్చి జవాబివ్వండి. చార్జింగ్ పోర్టు దగ్గర సొట్ట ఉందని కీబోర్డ్ పనిచేయని కేసును తిరస్కరిస్తే, ఆ రెండింటికీ సంబంధం ఏమిటో రాతపూర్వకంగా చెప్పమని అడిగే హక్కు మీకుంది.

ఇంజనీర్ ఇంటికి వస్తే మంచి వెలుతురున్న బల్ల, పని చేసే ప్లగ్గు, ఇంటర్నెట్ సిద్ధంగా ఉంచండి. తెచ్చిన పార్ట్ పెట్టె సీలు మీ ముందే తెరవమనండి. మార్చిన ప్రతి పార్ట్ పేరూ సర్వీస్ రిపోర్ట్‌లో ఉండాలి. కొన్ని కంపెనీలు పని ముగిశాక మీ ఫోన్‌కు ఓటీపీ పంపుతాయి, అది చెబితే కేసు మూసుకుపోతుంది. "పార్ట్ రేపు వస్తుంది, ఇవాళ్టికి ఓటీపీ చెప్పండి" అంటే చెప్పకండి. మిషన్ పరీక్షించి తృప్తి పడ్డాకే చెప్పండి.

8. తిరిగి తీసుకునేటప్పుడు పావుగంట పరీక్ష

బయటకొచ్చాక చూసుకుందాం అనుకోకండి. రిపేర్‌లో విప్పిన చోట కొత్త లోపాలు పుడతాయి. వైఫై యాంటెన్నా తీగ గుచ్చడం మరచిపోవడం, స్పీకర్ కనెక్టర్ వదులుగా ఉండటం, ఒకటి రెండు స్క్రూలు తగ్గడం మామూలుగా కనిపించేవి.

- అడుగున స్క్రూలు అన్నీ ఉన్నాయా
- అన్ని యూఎస్‌బీ పోర్టులు, హెచ్‌డీఎంఐ, ఇయర్‌ఫోన్ పిన్
- కెమెరా, మైక్, స్పీకర్ రెండు వైపులా
- వైఫై సిగ్నల్ కాస్త దూరంలో కూడా నిలుస్తోందా
- ప్రతి మీటా ఒకసారి; వేలిముద్ర సెన్సర్
- అడాప్టర్ పెట్టి, తీసి, చార్జింగ్ పెరుగుతోందా
- తెర అంచుల్లో వెలుతురు కారడం, మూత సమంగా మూసుకోవడం

మదర్‌బోర్డ్ మార్చితే ఇంకొకటి తప్పనిసరి. బయాస్‌లోకి వెళ్లి అక్కడి సీరియల్ నంబర్ స్టిక్కర్‌తో కలుస్తోందో చూడండి. కొత్త బోర్డులో మీ పాత నంబర్‌ను ఇంజనీర్ ఎక్కించాలి. మరచిపోతే కంపెనీ సాఫ్ట్‌వేర్ మీ మిషన్‌ను గుర్తుపట్టదు, విండోస్ యాక్టివేషన్ పోవచ్చు, తర్వాతి కేసులో వారంటీ దొరకదు. సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయి ఉందా అన్నదీ అక్కడే చూసేయండి.

డబ్బు కట్టి చేయించుకున్న రిపేర్ అయితే జీఎస్టీ బిల్లు, మార్చిన పార్ట్‌కు ఎన్ని రోజుల వారంటీ అన్నది రాయించుకోండి. చాలా కంపెనీలు 90 రోజులు ఇస్తాయి. ఎస్టిమేట్ రాతలో వచ్చాకే ఒప్పుకోండి, వద్దనుకుంటే పరీక్ష రుసుము ఎంత అన్నది ఇచ్చే రోజే అడగండి.

9. తరచూ ఎదురయ్యే చిక్కులు

"పార్ట్ స్టాక్ లేదు": వచ్చే తేదీ ఈమెయిల్‌లో ఇవ్వమనండి. ఆ తేదీ దాటితే కేస్ మేనేజర్‌కు పంపమని, ప్రత్యామ్నాయ పార్ట్ లేదా మిషన్ మార్పిడి పరిశీలించమని రాయండి.

"మా దగ్గర బాగానే పనిచేస్తోంది": అప్పుడప్పుడూ వచ్చే లోపాలకు ఇదే జవాబు వస్తుంది. లోపం కనిపించిన వీడియో, ఎంతసేపు వాడాక వస్తోంది, చార్జర్ పెట్టినప్పుడా తీసినప్పుడా అన్నవి జాబ్ షీట్‌కు జత చేయించండి. గంట వాడాక వచ్చే లోపానికి పది నిమిషాల పరీక్ష చాలదు.

అదే లోపం మళ్లీ మళ్లీ: రిపేర్ అయ్యాక తిరిగొస్తే కొత్త కేసు పెట్టినా పాత కేస్ నంబర్ ప్రస్తావించి "రిపీట్ ఫెయిల్యూర్" అని రాయించండి. ఒకే లోపానికి మూడోసారి వచ్చేసరికి మిషన్ మార్పిడి కోరండి. ఇందుకు అన్ని కంపెనీలకూ వర్తించే నియమం లేదు, కానీ మూడు సర్వీస్ రిపోర్టులు చేతిలో ఉన్నవారి మాటకు బలం ఎక్కువ.

కొత్త మిషన్ పెట్టెలోంచే పాడై వస్తే: రిటర్న్ గడువు చాలా చిన్నది, కొన్నిచోట్ల 7 రోజులే. ఆన్‌లైన్‌లో కొంటే విప్పుతుండగా వీడియో తీయండి, అమ్మిన సైట్‌లోనూ కంపెనీలోనూ అదే రోజు ఫిర్యాదు పెట్టండి. కంపెనీ ఇంజనీర్ పరిశీలించి ఇచ్చే డీఓఏ (వచ్చేటప్పటికే పాడై ఉందన్న) ధ్రువీకరణ ఉంటేనే చాలామంది విక్రేతలు మార్చి ఇస్తారు.

10. అయినా కదలకపోతే

మొదట సూపర్‌వైజర్, తర్వాత కేస్ మేనేజర్, ఆ తర్వాత కంపెనీ సైట్‌లో ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదుల అధికారి). ఆన్‌లైన్‌లో కొన్నవాటికి 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈమెయిల్‌లో ఆ నిబంధన పేరు రాయండి. ఎక్స్ (పాత ట్విట్టర్)లో కంపెనీ సపోర్ట్ ఖాతాకు రాసినా స్పందన వస్తుంది. అయితే సీరియల్ నంబర్, ఫోన్ నంబర్, బిల్లు బహిరంగంగా పెట్టకండి, మెసేజ్‌లోనే ఇవ్వండి.

తర్వాతి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాట్సాప్ నంబర్ 8800001915. వాళ్లు తీర్పు ఇవ్వరు, ఫిర్యాదును కంపెనీలో బాధ్యులకు చేర్చి జవాబు తెప్పిస్తారు. చాలా ల్యాప్‌టాప్ కేసులు ఇక్కడే కదులుతాయి కాబట్టి దీన్ని దాటేయకండి.

అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. హైదరాబాద్‌లో కొన్నా, మీరు కడపలో ఉంటే కడపలోనే. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. లాయర్ తప్పనిసరి కాదు. వివాదం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. వ్యాపారం కోసం కొన్న వస్తువులకు ఈ చట్టం వర్తించదు. కానీ సొంతంగా జీవనోపాధి కోసం వాడుకునే మిషన్ అయితే వర్తిస్తుంది. ఇంటి దగ్గర డీటీపీ పని చేసుకునేవారు, ట్యూషన్ చెప్పేవారు "జీవనోపాధి కోసం నేనే వాడుకుంటున్నాను" అని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి.

కేసు వేసేముందు 15 రోజుల గడువిస్తూ కంపెనీకీ, అమ్మినవారికీ ఒక నోటీసు స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపండి. చట్టం దీన్ని తప్పనిసరి చేయలేదు గానీ, చాలాసార్లు నోటీసు అందగానే కంపెనీ లీగల్ విభాగం నుంచి ఫోన్ వస్తుంది.

ఫిర్యాదుకు జత చేయాల్సినవి, తేదీల వరసలో:
- బిల్లు, వారంటీ పేజీ
- ప్రతి జాబ్ షీట్, సర్వీస్ రిపోర్ట్
- కేస్ నంబర్లు, కాల్ తేదీల పట్టిక
- ఈమెయిళ్లు, చాట్ కాపీలు
- ఇచ్చిన రోజు వీడియో, కంపెనీ పంపిన డ్యామేజ్ ఫోటో
- 1915 ఫిర్యాదు నంబర్, దానికి వచ్చిన జవాబు
- నోటీసు కాపీ, పోస్టల్ రసీదు

కోరేది ఒక్కొక్కటిగా రాయండి: ఉచితంగా రిపేర్ చేయాలి, లేదా మార్చి ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి, దాంతోపాటు ఇన్నాళ్లు అద్దెకు తెచ్చుకున్న మిషన్ ఖర్చు ఇవ్వాలి (దానికి రసీదులు జత చేయండి). కేసు నడుస్తుండగా కంపెనీ రాజీకి వస్తే, ఏ తేదీలోపు ఏం ఇస్తారో కాగితం మీద రాసి కమిషన్ ముందు రికార్డు చేయించండి. ఆ వస్తువు చేతికి వచ్చి, పైన చెప్పిన పావుగంట పరీక్ష అయ్యేదాకా కేసు ఉపసంహరించుకోకండి.